బల్ల కింద నుంచి ఫైనల్

అత్తారింట్లో ఎక్కడ కూర్చోవాలో, ఎవరి ముందు ఎలా నిలబడాలో మా అమ్మ బోలెడు చెప్పి పంపింది. బల్ల కింద వెల్లకిలా పడుకుని మామగారికి క్రికెట్ చెప్పాల్సి వస్తుందని మాత్రం చెప్పలేదు. పాపం, ఆవిడకేం తెలుసు.

మా మామగారు గడియారాలు బాగుచేస్తారు. కుడి కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరల్ని పట్టకారుతో అందుకుంటుంటే చూసేవాళ్ళకి ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది. ప్రపంచ కప్పు లీగ్ మ్యాచ్‌లు ఇంకా జరుగుతుండగానే ఆ కుడి కంటికి అడ్డంగా నల్లటి తెర దిగింది. కంటి వెనకాల పొర ఊడిందని ఆపరేషన్ చేసి, లోపల గాలి బుడగ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కదా, అది పొరను దాని చోట అదిమి పట్టి అతికించాలంటే మనిషి తల ఎప్పుడూ నేలకేసి ఉండాలట. తిన్నా, నడిచినా, పడుకున్నా నేలచూపులే.

"నాకౌట్ మ్యాచ్‌లున్నాయండీ," అన్నారు మామగారు డాక్టరుతో, బడికి సెలవడిగే పిల్లాడిలా.

"తల ఎత్తితే కన్ను ఉండదండీ," అన్నాడాయన. "తర్వాత మీ ఇష్టం."

మా ఆయనకి అద్దాల దుకాణంలో పని. సాయంత్రం ఇంటికొస్తే జుట్టులో గాజు పొడి మెరుస్తుంటుంది. దాన్ని దువ్వెనతో తీసే పని నాది, ఇంకెవరికీ ఇవ్వను. ఆయన దుకాణం నుంచి పాత బల్లొకటి తెచ్చి, తలవైపు మొహం పట్టేంత కంత కోయించి, చుట్టూ స్పాంజి అంటించారు. మామగారు దాని మీద బోర్లా పడుకుని కంతలో మొహం పెట్టుకున్నారు. కింద ఏటవాలుగా ఒక నిలువుటద్దం పెడితే అందులో టీవీ కనిపించింది. ఫోన్‌లో చూడొచ్చు కదా అంటే, అంత చిన్న తెరలో బంతి చీమలా ఉంటుందని పేచీ పెట్టారు. ఎడమ కంటితో అద్దంలో మాత్రం బాగానే చూశారు.

క్వార్టర్ ఫైనల్ అలా మొదలైంది.

"ఒరేయ్, మనవాళ్ళందర్నీ ఎడంచేతి వాటం చేసేశావు కదరా!"

"అద్దం కదా నాన్నా, అంతే మరి."

"వాడు ఆఫ్ సైడు కొట్టాడా, లెగ్ సైడా? నాకేం అర్థం కావట్లేదు."

సగం మ్యాచ్ దాకా సర్దుకున్నారు. తర్వాత ఒక రనౌట్ దగ్గర ఏ వైపు వికెట్లు పడ్డాయో అద్దంలో తికమకై, "ఉండండి, ఉండండి!" అంటూ దిగ్గున లేచి కూర్చుని నేరుగా టీవీ కేసి చూశారు. అత్తగారు పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు తట్టారు. మర్నాడు డాక్టరు లైటు వేసి చాలాసేపు చూసి, పొర అంచు ఒకచోట ఇంకా వదులుగానే ఉందని, మళ్ళీ ఇలా చేస్తే తనకేం పూచీ లేదని చెప్పాడు. అత్తగారు ఇంటికి రాగానే అద్దాన్ని గోడకి తిప్పేశారు. టీవీ గొంతు నొక్కేశారు.

"ఇంక చూసింది చాలు. కావాలంటే పక్కన కూర్చుని అమ్మాయి చెప్తుంది."

పక్కన కూర్చుని చెబితే వచ్చిన చిక్కేమిటంటే, మాట ఎటు వినిపిస్తే మనిషి తల అటు తిరుగుతుంది. కుడివైపు కూర్చుంటే కుడికి, ఎడమవైపు కూర్చుంటే ఎడమకి. ఆలోచించి ఆలోచించి, సెమీఫైనల్ నాడు ఒక చాప పట్టుకుని నేను బల్ల కిందకే దూరాను. తలకింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే, పైన కంతలో గుండ్రంగా మామగారి మొహం. మెడ కాస్త పక్కకి తిప్పితే టీవీ.

"భలే ఉందే!" అన్నారాయన. "చెప్పు, ఏం జరుగుతోంది?"

"బంతి వేశాడు మామయ్యా."

"ఎవడు?"

"జుట్టుకి రంగేసుకున్నతను."

"ఎలా వేశాడు?"

"కోపంగా."

పైన మొహం కాసేపు నన్ను జాలిగా చూసింది. క్రికెట్ గురించి నాకు తెలిసిందల్లా కాలేజీలో సెలవిస్తారని. అయినా చెప్పుకుపోయాను.

"ఎటు కొట్టాడమ్మా?"

"సబ్బు ప్రకటన వైపు."

"వికెట్ కీపర్‌కి అది ఏ పక్క?"

"కీపరంటే?"

"వెనకాల గ్లవ్స్ వేసుకుని నిలబడతాడు చూడు."

"ఓ, తిట్లాయన! ఆయనకి ఎడంపక్క."

అలా సబ్బు మిడ్ వికెట్ అయింది, రంగుల డబ్బా కవర్స్ అయింది. ఇంతలో ఆ బోర్డులు మారిపోయి సబ్బున్నచోట టైర్లు వచ్చేవి, మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం. ఆయన విసుక్కోలేదు. పది ఓవర్లు గడిచేసరికి నేను నోరు తెరవకముందే చెప్పేస్తున్నారు.

"ఫోర్ కదూ?"

"మీకెలా తెలిసింది?"

"నీ మొహమే స్కోరుబోర్డమ్మా. కనుబొమ్మలు లేస్తే ఫోరు, నోరు కూడా తెరుచుకుంటే సిక్సు. పెదవి కొరికితే వికెట్టు పోయినట్టు."

దుకాణం నుంచి త్వరగా వచ్చేసిన మా ఆయన కూడా బల్ల కిందకి దూరి నా పక్కనే పడుకున్నారు. ఓవర్ల మధ్యలో నా చెవిలో ఏదో అన్నారు, ఏమన్నారో రాయను. పైనుంచి వెంటనే గొంతు వినిపించింది. "ఒరేయ్, నేనిక్కడే ఉన్నానురా. కబుర్లు తర్వాత చెప్పుకోండి, బౌలరొస్తున్నాడు." సిగ్గుతో మొహం ఎక్కడ దాచుకోను? దాస్తే ఆయనకి స్కోరు తెలీదు.

సెమీఫైనల్ మనవాళ్ళు తేలిగ్గానే గెలిచారు. మామగారు బల్లని రెండు చేతులా దబదబా బాదారు గానీ తల ఎత్తలేదు.

ఫైనల్ రోజు పొద్దున నేను కప్పులు కడుగుతుంటే అత్తగారు పక్కకొచ్చి నిలబడ్డారు.

"మనవాళ్ళు ఓడిపోతే బాగుణ్ణే."

"అత్తయ్యా!"

"అరవకు. సెమీఫైనల్ నాడే బల్లని అలా బాదేశారు. కప్పు గెలిస్తే ఆ మనిషి ఆగుతాడా? పోయినసారి గెలిచినప్పుడు మేడెక్కి మెట్లమీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కప్పు మళ్ళీ వస్తుంది. కన్నెక్కడి నుంచి తెస్తాం?" తడి చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. "నేను చెప్పేది విను. గెలిస్తే ఓడిపోయినట్టు మొహం పెట్టు. కాసేపు నమ్మనీ. మెల్లగా నేను చెప్తాను."

నేను సరేనన్నాను. ఆవిడ కళ్ళు చూస్తూ ఇంకేమనను?

ఫైనల్ నన్ను నమిలి మింగింది. మనవాళ్ళు పెద్ద స్కోరేం చేయలేదు. అవతలివాళ్ళు కొడుతూ, అవుటవుతూ, మళ్ళీ కొడుతూ చివరి జోడీ దాకా వచ్చారు. ఇంకో వికెట్టు పడితే కప్పు మనది. వాళ్ళకి కావలసినవి నాలుగే పరుగులు. వీధిలో మోటారు సైకిలు చప్పుడు కూడా లేదు. మా ఆయన టీవీ పక్కన గోళ్ళు కొరుక్కుంటున్నారు. అత్తగారు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, మామగారి వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

బంతి కవర్స్ వైపు వెళ్ళింది. ఇద్దరూ పరిగెత్తారు. ఎవరో పడుకునే విసిరారు. వికెట్లు ఎగిరాయి.

"ఏమైంది?"

"రనౌటేమో. పైనున్న అంపైర్ని అడిగారు. చూస్తున్నారు."

"బ్యాటు గీత దాటిందా?"

"తెలీదు మామయ్యా. మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు."

కంతలో ఆయన మొహం ఎర్రబడింది. స్పాంజి అంచున చెమట బొట్టు వేలాడి నా చెంప మీద పడింది. తెర మీద పెద్దక్షరాలు వచ్చాయి. అవుట్.

నేను శాయశక్తులా మొహం వేలాడేశాను. పెదవి కొరికాను. కనుబొమ్మలు దించాను. గట్టిగా నిట్టూర్చాను కూడా. వీధంతా ఒక్కసారిగా హోరెత్తింది.

మామగారు నన్నే చూస్తున్నారు.

"ఇంత బాగా ఏడుస్తున్నావంటే గెలిచినట్టే," అన్నారు. బల్ల కిర్రుమంది. మోచేతులు బిగుసుకున్నాయి, కంతలోంచి ఆయన గడ్డం జరగడం నాకు కనిపించింది.

అప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఒక్క కంటితో ఆయన గడియారం మరల్ని పట్టుకోవడమే గుర్తొచ్చి, ఇక నటించడం నావల్ల కాలేదు. "గెలిచాం మామయ్యా. కప్పు మనదే. మీ కాళ్ళు పట్టుకుంటాను, లేవకండి."

గడ్డం ఆగింది. ఆయన నన్ను కాసేపు చూశారు. ఇప్పుడు నా మొహంలో స్కోరు లేదు కదా, ఏం చదివారో తెలీదు. మెల్లగా మొహం మళ్ళీ స్పాంజిలో సర్దుకుంది.

"లేవనమ్మా," అన్నారు. "ఏడవకు. పిచ్చిదానివా, గెలిచాక ఎవరైనా ఏడుస్తారా?" కాసేపటికి గొంతు పెంచారు. "ఏమర్రా, ఇంట్లో చప్పుడు లేదేం? నేను లేవనన్నానని మీరూ కూలబడ్డారా? గెంతండి!"

"మీకు కనపడదు కదండీ," అన్నారు అత్తగారు, ఇంకా చెయ్యి తీయకుండా.

"కాళ్ళు కనపడతాయి. ఇటు రండి."

నేను బయటికి పాకుతూ బల్లకి తల కొట్టుకున్నాను. ముగ్గురం బల్ల తలవైపు చేరి, ఆయనకి కనిపించేంత దగ్గరగా గెంతాం. మా ఆయన ఎగిరితే నేల అదిరింది. నా పట్టీ ఒకటి ఊడి దొర్లిపోయింది. అత్తగారు మొదట ఒక కాలే కదిపారు. "ఆ రెండోదేం పాపం చేసిందే?" అని కంతలోంచి వినిపించేసరికి రెండోది కూడా లేచింది. నేలచూపులు చూస్తున్న మనిషి అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బల్లంతా ఊగింది, తల మాత్రం ఊగలేదు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు కంట్లో లైటు వేసి, పైకి చూడమని, కిందకి చూడమని, మళ్ళీ పైకి చూడమని చాలాసేపు చూశాడు. అత్తగారు నా మణికట్టు పట్టుకున్న చోట గాజు ముద్ర పడింది.

"అతుక్కుందండీ," అన్నాడు చివరికి. "బుడగ కరిగాక చూపు తేటపడుతుంది. నిన్నటి మ్యాచ్‌లో లేచేసి ఉంటారనే నా భయం."

అత్తగారు అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయి, మొహానికి చేతులడ్డం పెట్టుకున్నారు. మామగారు ఆవిడ భుజం తట్టి, డాక్టరు వైపు తిరిగారు.

"ఆ చివరి రనౌట్ చూశారా?"

"ఎక్కడండీ! నిన్న మధ్యాహ్నమంతా ఆపరేషన్లోనే ఉన్నాను."

"అయ్యో. అయితే మా కోడల్ని అడగండి, పూసగుచ్చినట్టు చెప్తుంది."

ఇద్దరూ నా వైపు చూశారు. నిలబడి చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా మొదలుపెట్టాను.