ఆరో పాట మీద ఒక చీటీ

"ఇదిగో, చీటీల డబ్బా పట్రా," అన్నారు మా ఆయన హాల్లోంచి.

నేను తొమ్మిదో కప్పు తుడుస్తున్నాను. అది చేతిలోంచి జారి సింకు అంచుకి తగిలింది. పగల్లేదు. "ఏంటా చప్పుడు?" అన్నారు. "ఏం లేదండీ," అన్నాను. ఈ ఇంట్లో నేను ఎక్కువసార్లు చెప్పిన మాట అదేననుకుంటాను.

మా ఇంట్లో సంగీతం వినేవాళ్ళ సంఘం ఒకటి నడుస్తుంది. నెలకొక ఆల్బమ్. మొదటి ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చుని వింటారు. తర్వాతి వారంలో ఎవరి అభిప్రాయం వాళ్ళు, మొహమాటాలు లేకుండా ఉండడానికి, పేరు వెయ్యకుండా చీటీ మీద రాసి, మా చెప్పుల స్టాండు మీద పెట్టిన బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. రెండో ఆదివారం సంఘం అధ్యక్షులైన మా ఆయన వాటిని పైకి చదువుతారు. అన్నిట్లోకీ బాగున్నది ఎవరు రాశారో వాళ్ళు అప్పుడు ఒప్పుకోవాలి. అది పేరుతో సహా రిజిస్టర్లోకి ఎక్కుతుంది, అధ్యక్షులు మరోసారి చదువుతారు, అందరూ కింద సంతకాలు పెడతారు. నకలొకటి ఆ పాడినవాళ్ళకో వాయించినవాళ్ళకో పోస్టులో వెళ్తుంది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పన్నెండేళ్ళుగా ఆ రిజిస్టరు నాచేతే రాయిస్తున్నారు. టీ పెట్టేదీ నేనే. సంఘంలో సభ్యులు తొమ్మిదిమంది. నేను సభ్యురాలిని కాను.

ఈ నెల డబ్బాలో పది చీటీలున్నాయి.

పదోది నేను వేశాను. శుక్రవారం మధ్యాహ్నం, ఎడం చేత్తో రాసి, నాలుగు మడతలు పెట్టి, మిగతావాటి అడుగున పడేలా దూర్చాను. అప్పట్నుంచి దాన్ని తీసేద్దామని ఎన్నిసార్లు చెప్పుల స్టాండు దాకా వెళ్ళానో. ఒకసారి మూత కూడా తీశాను. సరిగ్గా అప్పుడే ఆయన స్నానాలగది తలుపు చప్పుడైంది. తేలు కుట్టిన దొంగలా చెప్పులు సర్దుతూ కూర్చుండిపోయాను.

నాకు దేనికి భయమో చెప్పాలి. మా ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. పదేళ్ళ కిందట ఇలాంటి ఆదివారమే, ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్ళి, ఆయన ఏదో వాయిద్యాన్ని క్లారినెట్ అంటుంటే, "అది శాక్సఫోన్ కదండీ," అనేశాను. నిజంగానే శాక్సఫోన్. అందరితోపాటు ఆయనా నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక మాట్లాడడం మానేశారు. నలభై రోజులు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే ఎనిమిదేళ్ళ మా అమ్మాయితో, "నా నీలం చొక్కా ఎక్కడుందో మీ అమ్మనడుగు," అనేవారు. మొదట్లో అది ఆటనుకుని పరుగెత్తేది పిల్ల. పదోరోజుకి గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. ఇరవయ్యో రోజుకి స్కూల్లో మాట్లాడ్డం లేదని టీచరు కబురు చేసింది. మా అత్తగారికి ఫోన్ చేసి ఏడిస్తే, "మగాళ్ళు మాట్లాడుకునే చోటికి ట్రేతో వెళ్ళాలి, ట్రేతో రావాలి. మధ్యలో నీకు పనేముందే తల్లీ?" అంది. తప్పు నాదేనని నలభయ్యో రోజున చెప్పాను. పిల్ల కోసం చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడూ ఏ వాయిద్యం పేరూ ఎత్తలేదు. ఇప్పుడు మా అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉంది. మళ్ళీ అలాంటిదొస్తే, ఈ నాలుగు గదుల్లో చొక్కా ఎక్కడుందని అడగడానికి కూడా మధ్యన మనిషి ఉండదు.

అంత తెలిసీ ఎందుకు రాశానంటే, ఈ ఆల్బమ్ వల్ల. నిలువెత్తు వయొలిన్‌లా ఉండే డబుల్ బేస్‌ని ఒంటికి ఆనించుకుని, దాన్ని వాయిస్తూనే పాడే ఒక జాజ్ గాయని ఆరేళ్ళ తర్వాత తెచ్చిన రికార్డు. హాలుకీ వంటగదికీ మధ్య గోడ ఒకటి ఉంది. గట్టిగా పిలిస్తే తప్ప ఆ గోడలోంచి గొంతులు రావు, పియానో రాదు. కింది స్వరాలు మాత్రం వస్తాయి. పన్నెండేళ్ళుగా నేను విన్న సంగీతమంతా బేసే. మొన్న మొదటి ఆదివారం ఆరో పాట నడుస్తుండగా ఆ బేస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. పాట అయిపోలేదు, హాల్లో ఎవరూ కదలడం లేదు. చేతిలో చెంచాతో అలాగే నిలబడిపోయాను. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనిపించింది. నిమిషంన్నర తర్వాత మళ్ళీ మొదలైంది. మంగళవారం ఆయన ఆఫీసుకి వెళ్ళాక, "నువ్వు ముట్టుకుంటే ముల్లు విరుగుతుంది," అని ఆయన ఎప్పుడూ అనే ప్లేయర్‌ని తెరిచి, హాల్లో కూర్చుని మొత్తం విన్నాను. ఆ నిమిషంన్నరలో ఆమె ఏం చేస్తోందో అప్పుడు తెలిసింది. ముల్లు విరగలేదు.

డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. అది నా చోటు.

మొదటి నాలుగు చీటీలూ నాలుగు దిక్కులకి లాగాయి. ఒకరికి బేస్ అద్భుతం, గొంతు దండగ. ఇంకొకరికి గొంతే ప్రాణం, బేస్ అడ్డం. పాత ఆల్బమ్‌లోని ఊపు ఏదని ఒకరు. ఇన్నేళ్ళకి ఈమె సంగీతం తెలుసుకుందని మరొకరు. ఐదోది పళ్ళ డాక్టరుది. ఆయన తన చీటీకి తనే ముందు నవ్వుతాడు కాబట్టి అందరికీ తెలిసిపోతుంది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి ఈమె. ఆరో పాటలో ఏకంగా వాయించడమే మర్చిపోయింది. పన్ను పీకుతూ మధ్యలో నేను కాఫీకి వెళ్ళినట్టు!" అందరూ గొల్లుమన్నారు.

"మీరు వెళ్తారండీ బాబూ, నా పన్నప్పుడు వెళ్ళారుగా," అన్నాడు తపాలా శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన. మిగతావాళ్ళంతా ఆయన్ని పోస్టుబాబాయి అంటారు. ఆయన చీటీలో రెండే వాక్యాలున్నాయి. 'మొదట్లో పరిగెత్తేది, ఇప్పుడు నడుస్తోంది. నడిచేవాళ్ళకే చుట్టుపక్కల ఏముందో కనబడుతుంది.'

మా ఆయనది రెండు పేజీలు. 'స్త్రీ సహజమైన లాలిత్యం కొరవడింది' అన్నచోట ఆగి, అందరి మొహాలూ చూసి, మళ్ళీ సాగారు.

తర్వాతి రెండు చీటీలూ 'ఫరవాలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. చివరికి అడుగున మిగిలిన నాలుగు మడతల చీటీ విప్పారు. ఆయన చదివారు.

'గోడ అవతల నుంచి వింటే ఈమె గొంతు వినపడదు. బేస్ ఒక్కటే వినపడుతుంది. ఇంట్లో ఎవరో పని చేసుకుంటూ తిరుగుతున్నట్టు ఉంటుంది, అందుకని ఎవరూ దాన్ని వినరు. ఆరో పాటలో అది ఆగిపోతుంది. ఇల్లు నిలబడింది దేని మీదో అప్పుడు తెలుస్తుంది. దగ్గరికొచ్చి వింటే, కిందున్న ఆసరా తనే తీసేసుకుని ఆమె ఒక్కతే పాడుతోంది. గొంతు వణికింది. వణుకు కనపడకుండా మళ్ళీ పాడి అతికించుకోవచ్చు. ఆమె అలా చెయ్యలేదు.'

గోడ అవతల నుంచి! రాసేటప్పుడు తట్టనే లేదు. చేతిరాత దాచాను, కాగితం మార్చాను, పెన్ను మార్చాను. ఎక్కడ నిలబడి విన్నానో మాత్రం మొదటి మాటలోనే పెట్టేశాను. ఈ ఇంట్లో గోడ అవతల ఉండేది ఎవరు? గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి భుజం మీదికి పోయింది. కొంగు సర్దుకున్నట్టు సర్దుకున్నాను.



"గోడ అవతల... అబ్బ, ఏం ఉపమానమండీ!" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఒళ్ళు జలదరించింది."

"ఎవరిదిది?" అన్నారు మా ఆయన.

పోస్టుబాబాయి చీటీ అడిగి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "ఎడం చేతి రాత. ముప్పై అయిదేళ్ళు ఉత్తరాలు ఊళ్ళవారీగా విడగొట్టాను, ఈమాత్రం తెలీదా? కావాలనే దాచారు."

"ఉండండుండండి," అన్నాడు డాక్టరు, చీటీలు లెక్కపెట్టి. "మనం తొమ్మిదిమందిమి. చీటీలు పది. అంటే మనలోనే ఎవరో రెండు రాశారు." వేలు మా ఆయన వైపు తిప్పాడు. "గురువుగారూ! పైకి రెండు పేజీలు రాసి, అసలు మాట ఇలా దాచిపెట్టారు కదూ? మా తెలివి పరీక్షిద్దామనా?"

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కాదనలేదు. చీటీని మళ్ళీ ఒకసారి కళ్ళతో చదువుకున్నారు. తర్వాత నెమ్మదిగా నవ్వారు.

"సరే. దొరికిపోయాను," అన్నారు.

సిగ్గుపడుతూ చెప్తున్నాను, నాకు ముందు కలిగింది ప్రాణం లేచొచ్చినంత సంతోషం. బతికిపోయాను. ఇక ఎవరూ వెతకరు, మా ఇంట్లో అన్నం దగ్గర మాటలుంటాయి. ఆయన అర్థం చెప్పడం మొదలుపెట్టారు. గోడంటే సమాజమట. ఇంట్లో తిరిగే మనిషి కాలమట. వణుకు ఆధునిక మానవుడిదట. వింటున్నకొద్దీ ఆ సంతోషం అడుగునుంచి వేరే భయం పైకి రాసాగింది. నలభై రోజుల మౌనపు భయం నాకు అలవాటే, దాని ఎత్తూ లోతూ ఎరుగుదును. దీని అడుగు అందడం లేదు. పది చీటీలు లెక్కపెట్టారు, తొమ్మిదిమందిని లెక్కపెట్టారు, నేను స్టూలు మీద వాళ్ళ కళ్ళెదురుగానే ఉన్నాను. దాక్కోవడానికి అంత కష్టపడక్కర్లేదు నేను. కుడి చేత్తోనే రాసినా సరిపోయేది.

"రిజిస్టర్లోకి ఎక్కించు," అన్నారు నాతో. "కింద నా పేరు. నకలు కూడా ఇప్పుడే రాసెయ్, బాబాయిగారు రేపు పోస్టు చేస్తారు. ఈలోగా ఆ పాట ఇంకోసారి విందాం."

నకలు. ఆమెకి వెళ్తుంది. ఎక్కడో ఒక గదిలో ఆమె కవరు చించి ఈ మాటలు చదువుతుంది, కింద మా ఆయన పేరుంటుంది. నా పాట నీకు అర్థమైందయ్యా అనుకుంటుంది.

రిజిస్టరు పట్టుకుని వంటగదిలోకి వచ్చేశాను, గట్టు మీద పెట్టి రాద్దామని. గోడలోంచి ఆరో పాట మొదలైంది. వెనకాలే పోస్టుబాబాయి ఖాళీ కప్పుతో వచ్చాడు. నీళ్ళు కావాలేమో అనుకున్నాను. ఆయన కప్పు పక్కన పెట్టి, తల కొంచెం వంచి నిలబడ్డాడు. బేస్ ఆగిపోయింది.

"ఇక్కడికి గొంతు రావట్లేదమ్మా," అన్నాడు.

"బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను. చెప్పకండి."

"నేనెందుకు చెప్తాను? ఉత్తరం చేర్చడమేగానీ విప్పి చదవడం నా ఉద్యోగం కాదు." వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "కాకపోతే తప్పు పేరుతో వెళ్ళిన ఉత్తరానికి జవాబు కూడా తప్పు మనిషికే వస్తుంది తల్లీ. అది చాలాసార్లు చూశాను."

రాశాను. పూర్తిగా, ఒక్క మాట మార్చకుండా. పేరు దగ్గరికి వచ్చి కలం ఆగింది. మా అమ్మాయి కొరికేసిన గోళ్ళు గుర్తొచ్చాయి. వచ్చే వారం గుర్తొచ్చింది, నాలుగు గదులు, ఇద్దరు మనుషులు, కుక్కర్ కూత తప్ప ఏ చప్పుడూ లేని ఉదయాలు. ధైర్యం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. భయంతోనే రాశాను. అక్షరాలు గుండ్రంగా రాలేదు, వంకర్లు పోయాయి. దిద్దలేదు. నకలు మీద కూడా అలాగే రాసి కవర్లో పెట్టి, అంటించి, హాల్లోకి వెళ్ళి పోస్టుబాబాయి చేతిలో పెట్టాను. రిజిస్టరు మా ఆయన ముందు తెరిచి పెట్టాను.

"రాశావా?"

"రాశానండీ."

మా ఆయన గొంతు సవరించుకుని లేచి నిలబడ్డారు. ఆయన చక్కగా చదువుతారు, ఆ మాట ఒప్పుకోవాలి. గోడ దగ్గర స్వరం తగ్గించారు, ఇల్లు దగ్గర పెంచారు, వణుకు దగ్గర చిన్నగా ఆగారు. డాక్టరు కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. ఆ ఊపులోనే, ఎప్పటిలాగే ఒక్క బిగిన, కింద పేరు కూడా చదివేశారు.

నా పేరు.

పెళ్ళయ్యాక ఆయన నోట అది ఎప్పుడు విన్నానో గుర్తులేదు. డాక్టరు కళ్ళు తెరిచాడు. మా ఆయన పేజీలోంచి తలెత్తలేదు. అదే పేరు ఇంకోసారి చదివారు, ఈసారి నెమ్మదిగా, తెలియని భాషలో మాటని కూడబలుక్కున్నట్టు. అందరూ అది కోపమనుకుని ఉంటారు. నేను అనుకోలేదు. ఆ గొంతులో ఉన్నది భయం. దాన్ని గుర్తుపట్టడంలో నేను పొరపాటు పడను.