ముల్లు కనబడేదాకా

మేబెల్ మా కాప్రా ఇంటికి వచ్చింది ఎనభై ఐదు మే నెలాఖరులో. పదిహేడేళ్ళలో ఆమె మా గేటు దాటడం అదే మొదటిసారి. రెజిమెంటల్ బజార్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. తర్వాత విత్తనాలు అడిగింది.

మేబెల్ అంటే, మా చెల్లెలు దేవకృప పోయిన ఎనిమిది నెలలకు మా మరిది నోవహు చేసుకున్న మనిషి. ఆ ఏప్రిల్‌లో నోవహు కూడా పోయాడు.

"జెర కృపక్క పూల ఇత్తనాలు ఉంటే ఇయ్యి అక్కా. ఇప్పుడు చల్లితే సమాధుల పండుగకు పూస్తయి గదా," అంది.

కృపక్క పూలంటే పట్టుకుచ్చు. బజారులో దొరికే మొక్క మోకాలు దాటదు. మౌలాలి రైల్వే క్వార్టరు ముందు మా చెల్లెలు పెంచినది మనిషి ఛాతీ ఎత్తు వచ్చేది. మఖమల్ గుడ్డను మడతలు మడతలుగా కుట్టినట్టు, ఎండిన నెత్తురు రంగులో పూసేది. ఏటా అన్నిటికన్నా పెద్ద పువ్వును కోయకుండా ఎండనిచ్చి విత్తనం తీసేది.

ఆఖరుసారి నేను వెళ్ళినప్పుడు గేటు దగ్గర నిలబడి ఒక పువ్వు కోసివ్వబోయింది. బస్సు వస్తోంది. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాలే అని పరుగెత్తాను. పంతొమ్మిది రోజులకు జ్వరంతో పోయింది. ఆ పువ్వునే శవపెట్టె మోసుకెళ్ళిన రోజు కోసి రుమాల్లో కట్టి తెచ్చుకున్నాను. మేబెల్ కాపురానికి వచ్చిన నెలలోపే ఆ మడి అంతా పీకించి, అక్కడ బట్టలుతికే బండ వేయించింది. నేను వెళ్ళేసరికి దాని మీద నోవహు చొక్కాలు నురగలో ఉన్నాయి. మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

అప్పటినుంచి ఆ విత్తనం నా దగ్గరే ఉంది. ఒక డబ్బాకు పురుగు పడితే ఇంకొకటి ఉంటుందని నాలుగు డబ్బాల్లో, నాలుగు చోట్ల పెడతాను. అయినా వానాకాలం ముందు నిద్ర పట్టదు. మొలవకపోతే కృప ఇంకోసారి పోయినట్టే నాకు.

ఆ విత్తనం నోవహు సమాధి మీద పూయాలా? ఆదివారం గుడికి రా, ఇస్తానన్నాను.

శనివారం చెరువు గట్టుకు వెళ్ళాను. ముళ్ళ తోటకూర అక్కడ ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. ఎండిన కంకులు దులిపి, ఇంటికొచ్చి ఒక అరచేతిలో ఆ గింజలు, రెండో అరచేతిలో కృప గింజలు పోసుకుని చూశాను. రెండూ నల్లగా, నిగనిగలాడుతూ, ఇసుక రేణువుల్లా ఉన్నాయి. కలిపేస్తే నాకే తెలియదు. మొలక కూడా ఒకటే తీరు. జానెడు పెరిగి ఆకు మొదట్లో ముల్లు తేలేదాకా ఎవరూ చెప్పలేరు.

నాకు బడి లేదు. గుడిలో అయ్యగారు వాక్యం చదువుతుంటే పుస్తకం మీద వేలు జరుపుకుంటూ అక్షరాలు పట్టుకున్నాను. అలా పట్టుకున్న అక్షరాలతో, ముళ్ళ గింజలు కట్టిన పొట్లం మీద రాశాను: "కృప పట్టుకుచ్చు. పూడ్చకూడదు. పైన చల్లి సన్నటి ఇసుక కప్పాలి." రాసిందాంట్లో సగం నిజం.

ఆదివారం మేబెల్ ఆ పొట్లాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ వానాకాలం నేను కంటినిండా నిద్రపోయాను. నా మడిలో మొక్కలు ఏపుగా లేచాయి. నీళ్ళు పోస్తున్నంతసేపూ మేబెల్ ఆ ముళ్ళకు నీళ్ళు పోయడం తలపుకొచ్చేది. ఆగస్టులో గుడి మెట్ల దగ్గర కనబడింది. వేళ్ళ నిండా గీతలు. ముళ్ళు వచ్చాయి, పట్టుకుచ్చుకు ముళ్ళుంటాయా అని అడిగింది. రెజిమెంటల్ బజార్లో పుట్టి పెరిగిన మనిషి. ఆకుకూరను కట్టగా తప్ప మొక్కగా చూసి ఎరగదు. కృప మడిని చూసింది కూడా నెలలోపే.

"పాత రకం గదా. ఉంటయి," అన్నాను.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను.

నవంబరు రెండున, సమాధుల పండుగ నాడు, నాలుగు పెద్ద పూలు తడిగుడ్డలో చుట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాను. అంతటా కొత్త సున్నం, కొవ్వొత్తులు, బంతిపూలు. మేబెల్ ముఖం చూడాలని తొందరగా నడిచాను. మావాళ్ళ వరుస దగ్గరికి వచ్చి ఆగిపోయాను. కృప పేరున్న రాయి కనబడలేదు. దాని చుట్టూ, పక్కనే ఉన్న నోవహు సమాధి చుట్టూ ముళ్ళ తోటకూర ఛాతీ ఎత్తున అడవిలా లేచి ఉంది. మధ్యలో ఒక కర్ర. కర్రకు ప్లాస్టిక్ కవరు, అందులో నా పొట్లం కాగితం. నా అక్షరాలు దూరం నుంచే చదవవచ్చు.

ఎక్కడ చల్లుతావని నేను అడగనే లేదు. నోవహు సమాధి అనుకున్నాను. రెండు సమాధుల మధ్య జానెడు నేలే ఉంటుందని కూడా అనుకోలేదు.

కాపలా ఉండే భద్రయ్య దగ్గరికొచ్చాడు. ఈ అమ్మ వారానికి రెండుసార్లు వచ్చి నీళ్ళు పోసిందనీ, పిచ్చి మొక్కలు పీకేస్తానంటే ముట్టనివ్వలేదనీ చెప్పాడు. "ముందుగాల పెద్దమ్మకు పోసి, ఎనకనే సార్‌కు పోస్తుండె," అన్నాడు. పెద్దమ్మంటే కృప.

మేబెల్ రాళ్ళ అంచున కూర్చుని ఉంది. పూయలేదక్కా అంది, తప్పు తనదైనట్టు.

నేను పూలు కింద పెట్టి, వంగి మొదటి మొక్క పీకాను. అరచెయ్యి చీరుకుంది. ఆమె కూడా వచ్చి వంగింది. ఇద్దరం పీకుతుంటే గింజలు నల్లగా రాలుతున్నాయి. కృప రాయి బయటపడ్డాక చెప్పాను.

"అది ముళ్ళ తోటకూర. చెరువు గట్టుది. తెలిసే ఇచ్చిన."

మేబెల్ నడుము నిటారు చేసింది. కవరులోంచి కాగితం తీసి, మడిచి నా చేతిలో పెట్టింది.

"నీ చేతి రాత నువ్వే దాసుకో," అంది.

అప్పుడు అడిగాను, పదిహేడేళ్ళుగా నాలో ఉన్నది. ఆ మడి ఎందుకు పీకించావని. ఆమె చేతిలో విరిగిన ముల్లు తీసి పారేసింది.

"పొద్దున లేస్తే ఆయన ఆ పూల దిక్కే సూస్తుండె. నా మొకం సూడకపోతుండె. ఇరవై ఏండ్ల పిల్లని అక్కా నేను."

నేను క్షమించమని అడగలేదు. ఆమె కూడా అడగలేదు. నాలుగు పూలలో గింజ ముదిరిన దాన్ని తీసుకుని కృప తలవైపు మట్టి మీద నలిపాను. ఒక్క గింజ కూడా నోవహు వైపు పడకుండా కొంగు అడ్డం పట్టాను. మేబెల్ అది చూసింది. చూడనీ అనుకున్నాను.

జూన్‌లో రెండు వానలు పడ్డాక ఇద్దరం అక్కడే కలిశాం, చెప్పుకోకుండానే. కృప సమాధి చుట్టూ మొలకలు గుంపులుగా లేచాయి. నోవహు వైపు ఒకే ఒక్కటి ఉంది. అది నా పువ్వో, నా ముల్లో తెలియదు. మేబెల్ పీకేద్దామంది. ఆగమన్నాను. మూడు వారాలు ఆదివారం ఆదివారం వెళ్ళి చూశాం. నాలుగో ఆదివారం అది జానెడు దాటింది. కృప వైపున ముళ్ళు తేలినవన్నీ ఏరి పారేశాక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఒంటి మొక్క ఆకు మొదట్లో వేలు పెట్టి తడిమాను. కింది ఆకు, పై ఆకు, ఆ పై ఆకు.

"ముల్లా, పువ్వా?" అంది మేబెల్.

ముల్లే అని పీకి పారేయొచ్చు. ఆమె నమ్ముతుంది. మొక్కను వేళ్ళ మధ్య పట్టుకుని, వదిలేశాను.

"పువ్వే," అన్నాను లేస్తూ. "దానికి నీళ్ళు నువ్వే పోసుకో. నేను ఆ పక్కకు చుక్క కూడ పొయ్య."