రేపటికి దాచిన మందు

నేను ఒక ఉగ్గుగిన్నెను. ఇత్తడిదాన్ని. వెండిదాన్నని గొప్పలు పోవచ్చు గానీ, నా ఒళ్లు చూసినవాళ్లెవరైనా ఫక్కున నవ్వుతారు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ బుడితి ఊళ్లో ఒక కంచరి చేతిలో పుట్టాను. పక్కన చిన్న కొమ్ము అతికించి, లోపల కళాయి పూసి, "పోవే, పిల్లల్ని పెంచు పో" అంటూ నన్ను సంతకు పంపాడు మహానుభావుడు.

ఎర్రమ్మ తొలి కాన్పుకు ఆమె తల్లి నన్ను కొని, బిడ్డతో పాటు అత్తింటికి సాగనంపింది. అత్తిల్లంటే సముద్రం ఒడ్డున జాలర్ల పేట. భర్త కొర్లయ్య వేటకు పోయేవాడు. ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. వాళ్ల ఆడపిల్లలు ముగ్గురూ నా కొమ్ము చీకే పెరిగారు. మనుషుల పిల్లలంత విశ్వాసం లేని జాతి ఇంకోటి లేదు సుమండీ! కడుపునిండా తాగుతారు, ఆఖరి గుక్క నా మొహానే ఉమ్ముతారు, పళ్లు రాగానే మళ్లీ నా వైపు చూస్తే ఒట్టు. వాళ్లు పక్క పేటల్లోకి కాపురాలకు వెళ్లిపోయారు. నేను అటకెక్కాను. అక్కడ నాకు తోడు ఒక చిరిగిన వల, బొద్దింకలు.

నన్ను మళ్లీ కిందికి దించింది ఎర్రమ్మ జబ్బు. ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ పేటలో ఆడవాళ్లు చాలామంది అంతే. గంప నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకూడదు కదా! పీల్చి పీల్చి అంగిట్లో పుండు పడింది. పట్నంలో పెద్ద డాక్టర్లు చూసి, చెయ్యి దాటిపోయింది, ఇంటికి తీసుకుపోండి అన్నారు. కానీ ఇంటికి పంపినంత మాత్రాన నొప్పి పట్నంలో ఆగిపోతుందా? అదీ బస్సెక్కి వెంటే వచ్చింది.

పుణ్యం కట్టుకున్నది హైమావతి. ఇలాంటి రోగుల ఇళ్లకే వచ్చి చూసే నర్సు. వారానికోసారి జీపులో వచ్చేది. ఆమె మార్ఫిన్ మాత్రలు తెచ్చింది. అంగిట్లో పుండుతో ఎర్రమ్మ మాత్ర మింగలేకపోయింది. "నీళ్లలో నూరి పోద్దాం. కొమ్ము ఉన్న గిన్నె ఏదైనా ఉందా తాతా?" అని అడిగింది. కొర్లయ్య గబగబా అటకెక్కాడు. నన్ను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాడు. అబ్బో, ఆ రోజు నా నీలుగుడు చూడాలి!

ఆ మొదటి మందు హైమావతే పోసింది. కాసేపటికి ఎర్రమ్మ బిగబట్టిన పిడికిళ్లు వదులయ్యాయి. ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లెరగకుండా నిద్రపోయింది. కొర్లయ్య గోడవైపు తిరిగి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "నొప్పి ఉన్నా లేకపోయినా వేళకు వెయ్యాలి తాతా, తప్పకూడదు" అని హైమావతి మరీ మరీ చెప్పి వెళ్లింది.

జీపు మలుపు తిరిగిందో లేదో, మా కొర్లయ్య మాత్రను చెక్కపీట మీద పెట్టి కత్తితో రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క నాలో వేసి నూరాడు. రెండోది ఎర్రమ్మ చుట్టల డబ్బాలో వేసి మూత బిగించాడు. అతని పాపం ఏమీ లేదు. వేట బందు రోజులు వస్తున్నాయంటే ముందే ఎండుచేపలు కుండలకెత్తి దాచడం ఆ పేట మనిషికి తల్లిపాలతో అబ్బిన తెలివి. ఉన్నప్పుడే తినేసినవాడు తర్వాత పస్తులుంటాడు. "ఇప్పుడే ఇలగుంటే ముందు ముందు ఎలగుంటాదో" అని తనలో తను గొణుక్కునేవాడు.

ఎర్రమ్మ మాత్రం మంచం పట్టె పట్టుకుని, చీర చెంగు గుప్పెట్లో నలుపుకుంటూ ముడుచుకుపోయేది. ఒరే పిచ్చి నాయనా, ఆమె నొప్పి ఇప్పుడుంది, మందేమో డబ్బాలో ఉంది, ఏం లెక్కరా ఇది అని నాకు ఒళ్లు మండిపోయేది. నా కోపం ఎవడికి కావాలి? ఎర్రమ్మ బాధ చూడలేక నాకే చచ్చిపోవాలనిపించేది.

మరుసటి వారం హైమావతి వచ్చి ఎర్రమ్మను చూడగానే నిలువునా నీరైపోయింది. "మందు వేళకు పోస్తున్నావా తాతా?" అంది. కొర్లయ్య ముఖం వెలిగింది. చుట్టల డబ్బా తెచ్చి, మంచి సంసారిలా మూత తీసి చూపించాడు.

"సూడండి నర్సమ్మా! దుబారా సెయ్యలేదు. సగం సగం ఏసి, మిగతాది దాసీసినాను. నొప్పి పెద్దదైపోతే అక్కరకొస్తాది."

హైమావతి కేకలు వెయ్యలేదు. అతని పక్కనే నేల మీద కూర్చుంది. "తాతా, ఇది ఎండుచేప కాదు. నొప్పి పెద్దదైతే ఆ రోజు మందూ పెంచుతాం, నేను తెస్తాను. దాచినందువల్ల రేపు నొప్పి తగ్గదు. ఇవాళ మాత్రం ఎక్కువవుతుంది."

కొర్లయ్య డబ్బాను నేల మీద పెట్టేశాడు. "అయితే ఇన్నాళ్లూ దాన్ని నానే ఏడిపించీసినానా అమ్మా?"

"ఏడిపించింది జబ్బు. నువ్వు కాదు" అంది హైమావతి. డబ్బాలో ముక్కలన్నీ తీసుకుని, కొత్త మాత్రలు అతని చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి పూర్తి మాత్ర, వేళకు. ఎర్రమ్మ గంజి తాగింది. కూతుళ్లు వస్తే పక్కన కూర్చోబెట్టుకుంది. ముద్దముద్దగానైనా మొగుణ్ని తిట్టింది కూడా, గంజిలో ఉప్పు వెయ్యలేదని. ఆ తిట్లు విని కొర్లయ్య పెళ్లికొడుకులా మురిసిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున ఆమె నిద్రలోనే, మూలుగు లేకుండా వెళ్లిపోయింది. అంత నెమ్మదైన చావు ఆ పేటలో చూడలేదన్నారు అందరూ.

ఇప్పుడు నేను గూట్లో ఉన్నాను. పనేమీ లేదు. కూర్చుంటే ఒక మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఆమె పోవడానికి ముందు, కాస్త తెరిపిన పడ్డ రోజుల్లోది. కొర్లయ్య మందు నూరి నన్ను ఆమె పెదవులకు ఆనించబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముందర సగమే ఏసీవోడివి. నాకు తెల్దనుకున్నావేటి మావా? పీట మీద కత్తి సప్పుడు రోజూ ఇనపడీది."

కొర్లయ్య నన్ను వెనక్కి తీశాడు. నాలో మందు తొణికింది. "తెలిస్తే అడగలేదేటే?"

"నువ్వు రేపటికి దాస్తన్నావు" అంది ఎర్రమ్మ. "నాకింకా సేనా రేపులున్నాయని నమ్మినావు. ఆ నమ్మకం సూసి, అడగబుద్ది కాలేదు."

కొర్లయ్య నన్ను మెల్లగా వంచి, చివరి చుక్క దాకా ఆమె నోట్లో పోశాడు. ఖాళీ అయిపోయాక కూడా నన్ను దించకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.