దొరకని పుస్తకాల చీటీలు

"నీ నౌకరి పోతది బిడ్డా. రాసిపెట్టుకో. మార్చి ముప్పై ఒకటికి చేతుల కాయిదం పెట్టి పొమ్మంటరు."

బోరబండ నుంచి వచ్చే బస్సు అమీర్‌పేటలో ఆగీ ఆగకముందే చంద్రమ్మ ఈ మాట అనేసింది. అప్పటికింకా ఏమీ జరగలేదు. కూతురు నవీన సంచిలో ఒక నీలం ఫైలు ఉంది, అంతే. చంద్రమ్మకు అది చాలు. బస్సెక్కితే బ్రేకులు పడవేమో అనుకుంటుంది. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ కోసం నిలబెట్టిన ఇనుప చువ్వల పక్కనుంచి నడిస్తే అవి విరిగి మీద పడతాయేమో అనుకుంటుంది. కూతురు రెండుసార్లు తుమ్మితే నిమ్స్‌లో ఏ వార్డులో పడుకోబెడతారో దాకా వెళ్లి వస్తుంది.

"అమ్మా, పొద్దుపొద్దున మొదలువెట్టకు. ఫైలుల కాయిదాలున్నయి, బాంబు లేదు."

"బాంబయితె ఒక్కసారే పోతం. కాయిదమయితె రోజు సావాలె."

నవీన పక్కున నవ్వింది. బస్సు దిగగానే ఒకతను ఆమె చేతిలో కరపత్రం కుక్కాడు. నలభై అయిదు రోజుల్లో జావా కంప్యూటర్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ. చంద్రమ్మ దాన్ని లాక్కుని, మడిచి, జాకెట్టులో దాచుకుంది.

"గదెందుకే?"

"ఉండనీ. పనికొస్తది."

ఇద్దరూ పనిచేసేది ఒక్కచోటే. పంజాగుట్టకు పోయే దారిలో సందులోకి ఉన్న పరిశోధనా సంస్థ లైబ్రరీలో. చంద్రమ్మ భర్త రాజనర్సయ్య అక్కడ వాచ్‌మన్‌గా ఉండగానే చనిపోయాడు. ఏడో తరగతి చదివిన చంద్రమ్మకు అటెండర్ పని ఇచ్చారు. పంతొమ్మిదేళ్లయింది. తల్లి వెనకాలే ఆ అల్మారాల మధ్య తిరిగి పెరిగిన నవీన లైబ్రరీ సైన్సు చదువుకుని, రెండేళ్ల కింద అక్కడే అసిస్టెంట్‌గా చేరింది. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి మార్చిలో లైబ్రేరియన్ రామ్మోహనరావు గారు సంతకం పెడితేనే ఇంకో ఏడాది. ఆ సంతకం ఉందా పోయిందా అన్నదే ఆ నెలంతా చంద్రమ్మ గుండెల మీద కూర్చున్న బండరాయి.

సంస్థలకు గ్రేడు ఇచ్చే కమిటీ ఒకటి గురువారం వస్తోంది. లైబ్రరీ ఎలా పనిచేస్తోందో చదువుకునేవాళ్లనే అడిగి, అంకెల్లో చూపించాలన్నారు. రామ్మోహనరావు గారు ఫారాలు అచ్చువేయించి, పైన రోల్ నంబరు రాయించి, కౌంటర్‌లో కూర్చుని స్వయంగా వసూలు చేశారు. తొమ్మిదికి ఎనిమిదిన్నర వచ్చింది. రాకేం చేస్తుంది? థీసిస్ ఇచ్చే ముందు 'ఈ విద్యార్థి దగ్గర లైబ్రరీ పుస్తకాలేవీ లేవు' అని ఆయన సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే అయిదేళ్ల చదువు గడప దాటదు. ఆయన చేతికే ఇచ్చే కాగితం మీద ఆయనకు నాలుగు మార్కులు వేసేవాడు ఎవడు?

నవీన ఊరుకోలేదు. అవే ఫారాలు, పేర్లూ నంబర్లూ లేకుండా, మంచినీళ్ల డ్రమ్ము పక్కన అట్టపెట్టె పెట్టి వేయమంది. నూట నలభై ఆరు పడ్డాయి. వాటి ఫలితమే ఆ నీలం ఫైలు. దాన్ని కూడా కమిటీకి ఇస్తానని రామ్మోహనరావు గారికి చెప్పేసింది కూడా.

మంగళవారం ఆయన చంద్రమ్మను గదిలోకి పిలిచారు.

"కూర్చో చంద్రమ్మా."

కూర్చోమన్నారంటే ఏదో మునిగిందన్నమాటే. చంద్రమ్మ నిలబడే ఉంది.

"మీ అమ్మాయికి నువ్వయినా చెప్పు. ఆ రెండో ఫైలు ఏంటి? పేరు లేకుండా రాసేవాడు ఏదైనా రాస్తాడు. గ్రేడు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది కాంట్రాక్టు వాళ్లకే. నేనేం పరాయివాణ్ణా? ఆ పిల్లకి ఈ ఉద్యోగం ఇప్పించింది ఎవరు?"

"మీరే సార్."

"మరి? ఆ ఫైలు లోపల పెట్టేస్తే శుక్రవారమే రెన్యువల్ మీద సంతకం పెడతాను. లేదూ, ఇస్తానంటే... నా చేతుల్లో ఏమీ ఉండదు."

చంద్రమ్మ తల ఊపింది. గుమ్మం దాటుతుంటే ఆయన వెనకనుంచి, మామూలుగానే, ఇంకో మాట అన్నారు. "పుస్తకాలెందుకు దొరకట్లేదని కమిటీ వాళ్లు అడిగితే ఏదో ఒకటి చెప్పాలిగా. అటెండర్లు సరిగ్గా వెతకరు, లోపలికెళ్లి కబుర్లు చెప్పుకుని 'లేదు' అని వచ్చేస్తారు అంటాను. నువ్వేం అనుకోకు."

మధ్యాహ్నం మెట్ల కింద డబ్బాలు విప్పుకున్నారు. ఇంకో అటెండర్ సాయిలు కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఇయ్యకు బిడ్డా," అంది చంద్రమ్మ. "నీ కాళ్లు మొక్కుత. నాకు అంకెలు తెల్వయి. సంతకం తెలుసు."

"అంకెలు సుత తెలుస్తయి, ఇను. గా ఫారంల మూడు సంగతులు అడుగుతం. మా క్యాంటీన్ చాయ్ అనుకో. తక్కువల తక్కువ ఎట్లుండాలె?"

"ఏడి ఉండాలె."

"మంచిగుండాలంటె?"

"అల్లం వెయ్యాలె."

"నీకు ఇచ్చింది?"

"సల్లగైంది. పైన ఈగ."

సాయిలు పకపకా నవ్వాడు. "అక్కా, ఈగకు తొమ్మిది మార్కులు ఎయ్యి!"

"గంతే," అంది నవీన. "తక్కువల తక్కువ గింత అన్న గీత ఉంటది గదా, గీత మీదనా, గీత కిందనా, గదే చూసేది. పుస్తకం దొరకుడు గురించి అడిగితె, ఆరు ఉంటె ఓర్సుకుంటమన్నరు. వచ్చింది నాలుగు. ఓర్సుకునే గీత కింద ఉన్నం అమ్మా. పెద్దసారేమో గల్ల పట్టుకోని ఎనిమిదిన్నర రాయించుకుండు. నేను చదివిన చదువే గిది. గిదొక్కటి నిజం చెప్పకపోతె ఆ చదువెందుకు, జావా నేర్సుకుంట."

"నేర్సుకోరాదే! కాయిదం దాసిపెట్టిన!"

నవీన డబ్బా మూత పెట్టేసింది. ఆమె ముఖం రాజనర్సయ్య ముఖంలా బిగుసుకుపోయింది. ఆ ముఖాన్ని ఒప్పించడం చంద్రమ్మకు ఏనాడూ చేతకాలేదు.

గురువారం కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్ద ఆవిడ పేరు అరుణాదేవి, ఎక్కడో యూనివర్సిటీలో ప్రొఫెసరట. నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. చదివే హాల్లో పొడవు బల్ల చుట్టూ కూర్చున్నారు. రామ్మోహనరావు గారు ఏరి పిలిపించిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు ఒక పక్కన. నవీన ఇంకో పక్కన. చంద్రమ్మ నీళ్ల గ్లాసులు పట్టుకుని గోడకు ఆనుకుంది. పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే చీర కొంగు అడ్డం పెట్టింది.

"ఇందులో ఎనిమిదిన్నర. అందులో నాలుగు," అన్నారు అరుణాదేవి గారు, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని. "ఒకే లైబ్రరీ, ఒకే నెల. రామ్మోహనరావు గారూ, ఏంటండీ ఇది?"

"రెండోది అధికారికంగా చేసింది కాదండీ. అమ్మాయి ఉత్సాహం కొద్దీ చేసింది. మా వార్షిక నివేదిక చూడండి. అడిగిన పుస్తకాల్లో నూటికి తొంభై ఎనిమిది ఇస్తున్నాం."

"మరి వీళ్లు దొరకట్లేదంటున్నారే?"

"దాచడమెందుకు, అటెండర్ల సమస్య ఉందండీ. పాతకాలం మనుషులు. చదువు లేదు. అల్మారా దాకా వెళ్లకుండానే లేదని చెప్పేస్తారు. ఆ చెడ్డపేరు లైబ్రరీకి వస్తోంది."

చంద్రమ్మ చేతిలోని పళ్లెం చప్పుడు ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్లు. ఇనుప నిచ్చెన ఎక్కీ దిగీ అరిగిపోయిన మోకాళ్లు. దుమ్ముకు వచ్చిన దగ్గు. జ్వరమొచ్చిన చిన్న నవీనను కింద పడుకోబెట్టి కూడా పై అర దాకా ఎక్కింది. 'అల్మారా దాకా వెళ్లకుండానే.' మంగళవారం గదిలో విన్నప్పుడు ఈ మాట గుచ్చుకుందే తప్ప కాలలేదు. ఇప్పుడు కూతురి ముందర, బయటివాళ్ల ముందర, కాలింది. ఊకో చంద్రమ్మా, సంతకం, సంతకం, అని లోపల ఎప్పుడూ కొట్టుకునే మాట ఇప్పుడు కూడా కొట్టుకుంటూనే ఉంది. అది అలా కొట్టుకుంటుండగానే ఆమె పళ్లెం కిటికీలో పెట్టి, ఎవర్నీ అడక్కుండా హాలు దాటి మెట్ల కిందికి నడిచింది.

అక్కడి రేకు బీరువాలో నాలుగు చెప్పుల డబ్బాలు ఉన్నాయి. నవీనకు కూడా తెలియదు.

ఆ లైబ్రరీలో అల్మారాల దగ్గరికి చదివేవాళ్లు పోకూడదు. పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే అటెండర్ వెతికి తేవాలి. దొరికితే చీటీ లెక్కలోకి పోతుంది. దొరకకపోతే చించి బుట్టలో వేయాలి. అందుకే దొరకని పుస్తకాన్ని ఎవరూ అడిగినట్టే ఉండదు. నూటికి నూరు అని రాస్తే నమ్మరని రెండు తగ్గించి తొంభై ఎనిమిది అని రాస్తారు. కానీ పదకొండేళ్ల కింద, ఎవరో ప్రొఫెసర్ ఫిర్యాదు చేస్తే చంద్రమ్మకు ఒక మెమో వచ్చింది, వెతకకుండా లేదన్నదని. ఆనాటి నుంచి ఆమె దొరకని చీటీ ఒక్కటి కూడా చించలేదు. వెనకవైపు తేదీ వేసి, 'దొరకలే, చం.' అని రాసి, నెలకో కట్ట కట్టి దాచింది. మళ్లీ ఎవరైనా అడిగితే చూపించాలని. ఎవరూ అడగలేదు. భయం మాత్రం నెలనెలా కట్ట కడుతూనే ఉంది.

డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రామ్మోహనరావు గారి ముఖం పాలిపోయింది.

"ఏంటిది చంద్రమ్మా? ఇవి తీసుకెళ్లు. వెళ్లు."

"పోను సార్."

తన నోటి నుంచే వచ్చిందా ఆ మాట! చంద్రమ్మకే నమ్మకం కుదరలేదు. డబ్బాల మూతలు తీసింది.

"అమ్మా..." అని నవీన లేవబోయింది.

"నువ్వు కూసో. మేడమ్, నేను ఎతకలేదన్నరు. ఎతికిన. ఒక్కొక్కటి ఏ దినం ఎతికిన్నో గండ్ల ఉన్నది. సాయిలు ఎతికినయి సుత ఉన్నయి. మాకు చదువు లేకపోవచ్చు, కండ్లు ఉన్నయి."

అరుణాదేవి గారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక కట్ట విప్పారు. తర్వాత ఇంకొకటి. పక్కనున్నాయన జనవరి నెల కట్ట లెక్కపెట్టాడు. రెండు వందల పన్నెండు. ఆ నెల ఇచ్చిన పుస్తకాలు రిజిస్టర్‌లో నాలుగు వందల రెండు.

"అడిగిన ముగ్గురిలో ఒకరు వట్టి చేతుల్తో వెళ్లారన్నమాట," అన్నారావిడ. "2004 జూన్ దాకా కట్టలు ఇంత సన్నం. ఆ తర్వాత ఇంత లావు. ఎందుకమ్మా? ఈ వెనకాల 'సంచుల్ల' అని రాశావేంటి?"

చంద్రమ్మ ఒక్కసారి రామ్మోహనరావు గారి వైపు చూసింది. ఆయన కళ్లతోనే వద్దంటున్నారు. ఆ కళ్లలో కోపం కన్నా బతిమాలుకోవడమే ఎక్కువుంది. రిటైర్మెంట్‌కు ఇంకా ఏడాదిన్నర. పాపం అనిపించింది కూడా. అయినా చెప్పింది.

"రెండో అంతస్తు కంప్యూటర్ల కోసం ఖాళీ చేసినప్పుడు పుస్తకాలు గోనె సంచుల్ల కట్టి సైకిల్ షెడ్ల పెట్టిన్రు మేడమ్. నెల దినాలకే అన్నరు. మూతులు కుట్టింది నేనే. గండ్లనే ఉన్నయి."

"కంప్యూటర్లు వాడుతున్నారా?"

"నెట్ సరిగా రాదు. పిల్లలు అమీర్‌పేట నెట్ సెంటర్లకే పోతున్నరు."

ఎవరో చప్పున నవ్వు దిగమింగారు. రామ్మోహనరావు గారు గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, ఎవరైనా ఇలా చీటీలు రాసి పెట్టుకోవచ్చు. అక్షరం ఆమెది, కట్టలు ఆమెవి, కూతురి ఫైలుకు సరిపోయేటట్టు..."

"నాకూ ఆ అనుమానం ఉంది," అన్నారు అరుణాదేవి గారు నెమ్మదిగా. నవీన తల వంచేసుకుంది. ఆవిడ ఒక చీటీని ఎత్తి పట్టుకుని అయిదుగురు విద్యార్థుల వైపు తిరిగారు. "ముందువైపు రాత మీలాంటి వాళ్లది. పేర్లు నేను చదవను. మీలో ఎవరైనా ఒక్కరు, ఇది మేమడిగిందే, దొరకలేదు అని చెప్తే ఈ రెండో ఫైలే నా రిపోర్టులోకి వెళ్తుంది. చెప్పకపోతే మొదటిది. చెప్పండి."



పైన ఫ్యాను తిరుగుతోంది. సందులో ఆటో ఒకటి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. అయిదుగురూ తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు. రామ్మోహనరావు గారు వాళ్ల వంక చూస్తున్నారు. ఇక్కడ నోరు తెరిస్తే థీసిస్ ముందు పడాల్సిన ఆ సంతకం ఎప్పుడు పడుతుందో, పడుతుందో లేదో. చంద్రమ్మకు వాళ్ల మీద కోపం రాలేదు. తనే కదా పంతొమ్మిదేళ్లు అలా చెప్పుల వంక చూసుకుంటూ నిలబడింది. పాపం పిల్లలు, ఎవరి ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో. ఇక అయిపోయింది. నవీన ఉద్యోగం పోయింది, తనదీ పోవచ్చు. ఎన్నాళ్లుగానో భయపడిన చోటికే వచ్చి నిలబడింది. నిలబడ్డాక చూస్తే అది కూడా మామూలు నేలే. పోతే పోనీ. మేం ఎతికినం, అనుకుంది, గడ్డం కొంచెం పైకెత్తి.

గోడ గడియారంలో ముల్లు రెండు నిమిషాలు దాటింది. అరుణాదేవి గారు చీటీ కింద పెట్టబోయారు.

చివర కుర్చీలో ఉన్న సుమశ్రీ, వచ్చే నెలలో థీసిస్ ఇవ్వాల్సిన అమ్మాయి, తల ఎత్తింది. చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, రామ్మోహనరావు గారి వైపు చూడకుండా చెప్పింది.

"అది నా చీటీయే మేడమ్. ఆ పుస్తకం కోసం ఏడుసార్లు రాశాను. ఏడుసార్లూ చంద్రమ్మ గారు నిచ్చెన ఎక్కడం కౌంటర్ దగ్గర్నుంచి చూశాను."