మంచు పడితే కుర్చీ మోసే ఊరు

ఇలా రా తల్లీ, ఆ ముక్కాలిపీట లాక్కుని నా పక్కన కూర్చో. కుంపటి చల్లారేలోపు మీ కెజయా అమ్మమ్మ సంగతి చెప్పేస్తాను.

నా చిన్నతనంలో మా క్రాగ్‌డెన్‌ ఊళ్ళో శనివారం మధ్యాహ్నానికే నేత మిల్లులు ఆగేవి. ఆడవాళ్ళంతా చెక్క జోళ్ళు టకటకలాడించుకుంటూ మా వంటింటికి చేరేవారు. వారపత్రిక వచ్చేది ఆ రోజే. మా అమ్మ తేమర్‌కి అక్షరాలు రావు. మా పిన్ని కెజయా చదివితే మిగతావాళ్ళు మేజోళ్ళు అల్లుకుంటూ వినేవారు. ముందు చావులు, తర్వాత కోర్టు గొడవలు, ఆఖర్న అందరూ కాచుకుని కూర్చునే అమెరికా కబుర్లు. అక్కడెక్కడో పంది జేబుగడియారం మింగేస్తే దాని కడుపులోంచి టిక్కుటిక్కుమని వినబడిందట. ఒకావిడ పొద్దున్న పెళ్ళి చేసుకుని, మధ్యాహ్నం విడాకులు పుచ్చుకుని, సాయంత్రం ఆ జడ్జినే చేసుకుందట. మా ఊళ్ళో ఎవరైనా కోతలు కోస్తే, "అమెరికా కబుర్లు చెప్పకు" అనడం మామూలు.

ఆ కబుర్లు ఎక్కడ పుట్టేవో మా ఇంట్లో తెలుసు. అమ్మ తమ్ముడు సైలస్ మామయ్య ఆ పత్రికలోనే సీసపు అచ్చులు పేర్చేవాడు. కొన్ని లివర్‌పూల్ ఓడల్లో వచ్చే పాత అమెరికా పత్రికల్లోంచి కత్తిరించేవారు. కొన్ని పక్క ఊళ్ళ పత్రికల్లోంచి అడక్కుండా ఎత్తేవారు. పేజీ బిగించే వేళకి కింద నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలిందనుకో, మామయ్య నిలబడ్డ చోటే ఒకటి పుట్టించేవాడు. మన మేయరు మీద రాస్తే తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాడు, అమెరికావాడు సముద్రం దాటి రావాలిగా అనేవాడు.

ఓ ఏడు చలికాలం మొదలవబోతుండగా ఈనస్ త్రెల్ఫాల్ అనే ఆయన ఊళ్ళో దిగాడు. పుట్టింది ఇక్కడేననీ, పదేళ్ళు ఒహాయోలో వెల్బీ అనే ఊళ్ళో ఉండి వచ్చాననీ చెప్పుకున్నాడు. వెడల్పాటి టోపీ, వెన్నలాంటి మాట. భర్త పోయాక పిన్ని బజారు వీధిలో మాంసం కూరిన రొట్టెలు కాల్చి అమ్ముకునేది. కాల్చే పొయ్యి దగ్గరుండి ఇటుక ఇటుక కట్టించుకుంది. ఈనస్ మొదట రోజూ ఓ రొట్టె కొనుక్కుపోయేవాడు. తర్వాత ఆమె ఎదురుగానే నిలబడి తినడం మొదలెట్టాడు. చివరికి పెళ్ళి మాటెత్తాడు. కొట్టు అమ్మి డబ్బు తన చేతికిస్తే, ముందు తను వెళ్ళి ఇల్లు సర్ది, ఓడ టిక్కెట్టు పంపిస్తానన్నాడు. పిన్ని కళ్ళు అప్పుడే సముద్రం దాటేశాయి.

అమ్మకి మాత్రం మింగుడు పడలేదు. పాలవాడు నవ్వితే పాలల్లో వేలు ముంచి చూసే మనిషి మా అమ్మ. ఓ రోజు టీకి వచ్చి ఈనస్ వెల్బీ చలి గురించి చెప్పాడు. అక్కడ పాలు గడ్డకట్టిస్తారట, పుల్ల గుచ్చి ఇటుకల్లా అమ్ముతారట. అమ్మ చేతిలో అల్లిక ఆగిపోయింది. ఆయన వెళ్ళగానే, ఈ పాల కబురు నాకు గవదబిళ్ళలు వచ్చిన శనివారం పత్రికలోంచి పిన్నే చదివిందని గుర్తుచేసింది.

"అయితే ఏంటక్కా?" అంది పిన్ని. "పత్రిక ఒక్కసారైనా నిజం రాసి ఉండకూడదా?"

చలిదేశంలో పాలు గడ్డకట్టవని ఎవరనగలరు? అందుకని నేరుగా సైలస్ మామయ్య దగ్గరికి పోయింది. వెల్బీ పేరు మీద, ఇంతవరకూ ఏ నోటా రాని కబురొకటి అచ్చు వేయమంది. మామయ్య రాసి వినిపించాడు. వెల్బీలో తొలి మంచు పడిన ఆదివారం ప్రతి మగాడూ తన కుర్చీ నెత్తిన పెట్టుకుని చర్చికి పోవాలి, ప్రార్థన అయ్యేదాకా దాని పక్కన నిలబడే ఉండాలి.

"అక్కా, నా రాతల్లో కూడా ఇంత తెలివితక్కువది లేదే," అన్నాడు.

"అందుకే అదే వెయ్యి," అంది అమ్మ.

చెల్లెలి వెనక చేయడం ఇష్టంలేక అమ్మ పిన్నికి సంగతంతా చెప్పేసింది. పిన్ని గిన్నెలు దబదబలాడించింది. చివరికి ఒప్పుకుంది, కానీ ఓ షరతు మీద. ఈ పరీక్షలో ఈనస్ గట్టెక్కితే పెళ్ళి గౌను అమ్మే కుట్టాలి, కుట్టినంతసేపూ నోరు మెదపకూడదు. ఆ కబురు గురించి ఆయన్ని అడిగేది కూడా తనేనంది.

శనివారం పత్రిక వచ్చింది. ఆదివారం ఈనస్ టీకి వచ్చి పొయ్యి పక్క మంచి కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని ఓట్సూ బెల్లప్పాకమూ కలిపి చేసిన కేకు ముక్క ముందు పెట్టి, మీ వెల్బీలో తొలి మంచు పడితే ఏం చేస్తారని మామూలుగా అడిగింది. అమ్మ తల ఎత్తలేదు.

"అబ్బో, అదో పెద్ద పండగ," అన్నాడు ఈనస్. "నెత్తిన కుర్చీలు పెట్టుకుని చర్చికి పోతాం."

"నువ్వూ మోశావా?"

"ఏటా మోశాను. మా ఇంటి కుర్చీ వాల్‌నట్ చెక్కది. మొదట్లో మెడ పట్టేసేది."

పిన్ని టీ కెటిల్ నెమ్మదిగా కింద పెట్టింది. "ఆ కుర్చీ మొన్న బుధవారం మా అన్నయ్య చేశాడు, ఈనస్. అదీ సీసంతో."

ఆయన చేతిలో కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత ఆమె మురిపెం చూసి కాదనలేక అన్నానన్నాడు, పేపర్లో చూసి ఉంటానన్నాడు.

"నా మురిపెం కోసం ఏటా మెడ పట్టించుకున్నావా నాయనా? ఇక లే. ఈ కుర్చీ కూడా నెత్తిన పెట్టుకో. దారిలో అలవాటవుతుంది."

ఆయన లేచాడు గానీ కుర్చీ ముట్టలేదు. టోపీ ఛాతీకి అదిమి పట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాటికి బసలో లేడు. లివర్‌పూల్ రేవులో ఆ పదేళ్ళూ ఓడ ప్రయాణికుల పెట్టెలు మోసేవాడని ఓ బండివాడు తర్వాత చెప్పాడు. పిన్ని ఆ సోమవారం కూడా పొయ్యి వెలిగించింది. రొట్టెలు మాత్రం మాడాయి.

కథ అయిపోయిందనుకున్నావా? వసంతం వచ్చేసరికి ఆ కుర్చీల కబురు పక్క ఊరి పత్రికలో పడింది. అక్కణ్ణుంచి ఇంకో ఊరికి పాకింది. ఓ శనివారం పిన్ని మా పత్రిక విప్పితే అందులోనే మళ్ళీ ప్రత్యక్షం. మామయ్య సెలవులో ఉండగా వాళ్ళ సంపాదకుడే వేరే పత్రికలోంచి కత్తిరించి వేసుకున్నాడు. ఇన్ని ఊళ్ళు రాశాయంటే నిప్పు లేకుండా పొగ వస్తుందా అంది పక్కింటావిడ. మా అమ్మ అల్లిక ఆపి ఆలోచనలో పడింది.

"ఏమోనే కెజయా. ఒకవేళ ఆ ఆచారం నిజంగానే ఉందేమో..."

పిన్ని పత్రిక మడిచి, పొయ్యి చూసుకోవాలని లేచిపోయింది.

అందుకే తల్లీ, ఇది గుర్తుపెట్టుకో. నీ పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ చెప్పు. కుర్చీల సంగతి వచ్చినప్పుడు సైలస్ మామయ్య పేరు మాత్రం వదిలిపెట్టకు. ఆయన పేరు ఊడిందంటే అది మళ్ళీ నిజమై కూర్చుంటుంది.