బ్యాటరీ తాగేస్తున్న 'తోడు'

కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ల మధ్య స్కూటీ ఆపి, ఏ సందులోకి తిరగాలో తెలియక శివజ్యోతి నిలబడిపోయింది. ఆమె ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొస్తుంది. దారి చూపించాల్సిన ఫోను చేతిలోనే ఆగిపోయింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినదే! వెతికి వెతికి కృష్ణవేణమ్మ ఇల్లు పట్టుకునేసరికి ఆ పెద్దావిడ గడప మీద సోలిపోయి కూర్చుని ఉంది.

"పరగడుపున ఉండమంటివి గదమ్మా! కండ్లు తిరుగుతాండాయి."

జ్యోతి గబగబా రక్తం తీసి, ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించాకే అక్కణ్ణుంచి కదిలింది.

ల్యాబ్‌కు రాగానే కౌంటర్‌లో ఉండే సబీనా దగ్గర మొత్తుకుంది. "కొత్త బ్యాటరీ ఏయించినా ఇంతే. దీనికేం రోగమో!"

"బ్యాటరీని ఎందుకు తిడతావక్కా? లోపల ఏ యాప్ తాగుతాండాదో చూద్దాం పా."

సబీనా ఫోనును ఛార్జింగ్‌కు పెట్టి సెట్టింగ్స్ తెరిచింది. దారి చూపించే మ్యాపే అయ్యుంటుందని ఇద్దరూ అనుకున్నారు. అది తాగేది కొంచెమే. అన్నిటికన్నా పైన, జ్యోతి ఎన్నడూ చూడని ఒక పచ్చబొమ్మ ఉంది. పేరు 'తోడు'.

"ఇది రాత్రీ పగలూ నీ లొకేషన్ పట్టి ఎవరికో పంపిస్తాండాదక్కా."

"ఎవరికి?"

"నాకేం తెల్సు? నువ్వు ఏసుకోలేదా?"

తెరిచి చూస్తే లోపల ఉన్నది ఒకే పేరు. జయపాల్. జ్యోతి మొగుడు. సబీనా ఏమీ చూడనట్టు తల తిప్పుకుని రక్తం సీసాలకు చీటీలు అంటించసాగింది.

ఆ మధ్యాహ్నం జ్యోతికి చేతులు పనిలో ఉన్నాయి గానీ మనసు లేదు. జయపాల్ నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎప్పుడూ గట్టిగా ఒక మాటన్న మనిషి కాదు. అలాంటివాడికి అనుమానమా? ఎవరి మీద? తను ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరితో మాట్లాడిందో గుర్తు చేసుకుంటూ పోయింది. ఏ తప్పూ చేయకుండానే దొంగలాగా అనిపించింది. దాహమేసినా చెరుకురసం బండి దగ్గర ఆగకుండా వెళ్లిపోయింది. కొంచెం దూరం పోయాక తన మీద తనకే ఒళ్లు మండి, బండి వెనక్కి తిప్పుకొచ్చి మరీ తాగింది.

సాయంత్రం జయపాల్ తలనిండా తెల్లటి బండల పొడితో ఇంటికొచ్చాడు. జ్యోతి ఫోను అతని ముందు పెట్టింది.

"ఏందిది?"

అతని ముఖం వాడిపోయింది. "నేనే ఏసినా."

"నన్ను నమ్మవా?"

"అట్ల గాదు జ్యోతీ. ఎండాకాలంలో నువ్వు బైపాస్ కాడ బండి మింద నుంచి పడితివే, ఆపొద్దు నువ్వు యాడుండావో, ఏ ఆస్పత్రిలో ఉండావో తెలీక పిచ్చోని మాదిరి తిరిగినా. అప్పట్నుంచి శానా భయం."

"అది నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే వద్దంటావని..."

జ్యోతి అతని ఫోను లాక్కుని అదే యాప్ తెరిచింది. ఆమె చుక్క ఇంటి మీద వెలుగుతోంది. అతని లొకేషన్ మాత్రం ఆపేసి ఉంది.

"నాది కనపడాల, నీది కనపడగూడదా?"

"ఆన్ చేస్తే బ్యాటరీ నిలవదు జ్యోతీ," అన్నాడతను అమాయకంగా.

జ్యోతికి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. జయపాల్ బిత్తరపోయాడు. "ఏంటికి నగుతాండావు? ఏడుస్తాండావా?"

"నాకే తెల్దు. మధ్యాన్నం ఫోన్ చేసేది మానేస్తివి గదా, నా మింద మనసు లేదేమో అనుకుంటి."

"యాడుండావో కనిపిస్తాండాది గదా. ఇంగేం అడగాలని చేయల్యా."

అతను ఉన్నమాటే చెప్పాడు. అన్నిటికన్నా జ్యోతికి తగిలింది ఆ మాటే. అతని కళ్లముందే యాప్ తీసేసింది. "భయమైతే ఫోన్ చెయ్. నేను ఎత్తకపోతే ల్యాబ్‌కు చెయ్, సబీనా చెప్తాది," అంది. అతను తలూపాడు గానీ, అర్థమై ఊపాడో, గొడవ తీరిందని ఊపాడో!

మరుసటిరోజు ల్యాబ్ వాళ్లు ఆమెను కోయిలకుంట్ల వైపు పంపారు. ఫోనులో ఛార్జింగ్ తరగలేదు. హాయిగా ఉండాల్సింది. కానీ రోడ్డు పక్కన శనగ చేలు తప్ప మనిషి జాడ లేనిచోట, ఇక్కడ పడితే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన రానే వచ్చింది. నిన్న ఒకరు చూస్తున్నారని బాధ, ఇవాళ ఎవరూ చూడటం లేదని దిగులు. ఇందులో ఏది నిజమైన జ్యోతో ఆమెకే అంతుపట్టలేదు.

ఫోను మోగింది. జ్యోతి బండి పక్కకు ఆపి ఎత్తింది. అవతల పాలిష్ మిషన్ల రొద.

"తిన్యావా?" అన్నాడు జయపాల్. ఎక్కడున్నావని అడగకుండా జాగ్రత్త పడుతున్నాడని గొంతులోనే తెలిసిపోతోంది.

"ఇంగా లేదు."

జ్యోతి ఖాళీ రోడ్డు వైపు చూసింది.

"కోయిలకుంట్ల దావలో ఉండా," అంది జ్యోతి, అడగకపోయినా. అని, ఎందుకన్నానా అనుకుంటూ బండి స్టార్ట్ చేసింది.