నాలుగున్నర దగ్గర నిలవని ముల్లు

మస్తాన్ తన సంచిని ఎవరినీ ముట్టనివ్వడం లేదు. తహీర్‌కి మొదట అనుమానం పడింది దానిమీదే.

నెల్లూరులోని తహీర్ షాపులో ఇద్దరూ కలిసి గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే పెడళ్లు చేయబట్టి ఏళ్లయింది. మస్తాన్ పొద్దున్నే మైపాడు బస్సులో వచ్చి సోల్డరింగ్ పనంతా చేస్తాడు. తహీర్ ఓల్టేజి కొలిచి, మూత బిగించి, తన పేరున్న స్టిక్కరు అంటిస్తాడు. కొలిచేది తన నాయన కరీముల్లా రేడియోలు బాగుచేసిన పాత ముల్లు మీటరుతోనే. దానికిచ్చే మర్యాద తహీర్ బతికున్న మనిషికి ఇవ్వడు.

ఈమధ్య మస్తాన్ వాలకం తేడాగా ఉంది. పెడల్‌నీ సంచినీ పట్టుకుని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంటాడు. అడిగితే "ఏం లేదన్నా" అంటాడు. సొంతంగా షాపు పెడతాడా? నా సరుకు మోసుకుపోతున్నాడా? అనుమానం పట్టుకున్నాక తహీర్‌కి అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం మైపాడు చర్చిలో గిటారు వాయించే కరుణాకుమారి తన పెడల్ కోసం వచ్చి కూర్చుంది. తహీర్ మూత విప్పి చూశాడు. కరెంటుని అడ్డుకునేందుకు ఎప్పుడూ పెట్టే పదివేల ఓముల రెసిస్టర్ల జత లేదు. ఆ చోట లక్ష ఓములవి ఉన్నాయి. తనకు ఒక్క మాట చెప్పలేదు.

తొమ్మిది ఓల్టుల బ్యాటరీని సగం చేయడమే ఆ జత పని. గిటారు శబ్దం పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని సున్నా దగ్గర నిలబెడితే కిందికి ఊగడానికి చోటు లేక సగం తెగిపోతుంది. నడిమధ్యన, నాలుగున్నర దగ్గర నిలబెడితే రెండువైపులా చోటుంటుంది. రిఫరెన్స్ ఓల్టేజి అంటే అదే. రెసిస్టర్లు రెండూ సమానమైతే సగం వచ్చి తీరాలి.

తహీర్ ముల్లు మీటరు వైర్లు ఆనించాడు. ముల్లు మూడున్నర దాటి ఆగిపోయింది.

అతనికి ఒళ్లు మండింది. "ఏందిరా ఇది? రెండూ సమానమైతే ఇంత తక్కువ ఎట్టొస్తాది? నాసిరకం సరుకు పెట్టినావు. మంచివన్నీ ఆ సంచిలో వేసుకొని పోతుండావు, అంతేగా?"

"అక్క ముందర ఆ మాటలెందుకన్నా," మస్తాన్ గొంతు తగ్గించాడు. "కరెంటు పోతే అక్క బ్యాటరీ మీదే వాయించాల. పెద్దవి పెడితే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తాదని పెట్టినా. నాలుగున్నరే ఉండాది."

"మా నాయన మీటరు అబద్ధం చెప్తాదా? తియ్ ఆ సంచి!"

మస్తాన్ సంచిని బల్లమీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, తువ్వాలు, ఒక కొత్త డిజిటల్ మీటరు. అంతే.

ఆ మీటరు వైర్లు అదే చోట పెట్టాడు. నాలుగున్నర చూపించింది. "ఇప్పుడు నీది కూడా పెట్టన్నా."

తహీర్ ముల్లు మీటరు ఆనించగానే కొత్తదాంట్లో అంకెలు మూడున్నర దగ్గరికి జారాయి. తీశాడు, నాలుగున్నరకి ఎక్కాయి. మళ్లీ ఆనించాడు, మళ్లీ జారాయి.

"పాత మీటరు కొలిచేదానికే కొంచెం కరెంటు తాగుతాదన్నా. చిన్న రెసిస్టర్లకి అది తెలీదు. పెద్దవాటి దగ్గర ఓల్టేజిని అదే కిందికి గుంజుతాది. నాయన మీటరుకి వంక పెడితే నొచ్చుకుంటావని చాటుగా చూసుకున్నా."

తహీర్ తల సిగ్గుతో వాలిపోయింది. కరుణాకుమారి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. విననట్టు ఉండటానికి ఆమెకు అంతకంటే దారి లేదు.

మస్తాన్ డబ్బా, తువ్వాలు సంచిలో సర్దుకున్నాడు. కొత్త మీటరు మాత్రం బల్లమీదే వదిలాడు. "ఇది ఈడనే ఉండనీ. కొలుచుకునేదానికి నీకు పనికొస్తాది."

"రేపొస్తావు గదా, మస్తానూ?"

మస్తాన్ చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

తహీర్ మూత బిగించాడు. అలవాటుగా స్టిక్కరు తీసి అంటించబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఈ గడప దాటిన ఏ పెడల్ మీదా మస్తాన్ పేరు లేదు. బయట మైపాడు బస్సు హారన్ కొట్టి కదిలింది. కరుణాకుమారి పెడల్ కోసం చెయ్యి చాపి నిలబడింది.